మండు వేసవిలో చంటిబిడ్డ: ఒక అమ్మమ్మ నోటుపుస్తకం

పోయిన ఏడాది రోహిణి కార్తెలో తెనాలిలో మా అమ్మాయి ప్రసవించింది. మామూలు కాన్పే. ఆడపిల్ల, 2 కిలోల 800 గ్రాములు. రోళ్లు పగిలే ఎండలంటారు చూడండి, సరిగ్గా ఆ రోజులు. ఇంటికొచ్చిన సాయంత్రమే అల్లుడు ఒక నోటుపుస్తకం కొనుక్కొచ్చి, "అత్తయ్యగారూ, మీరు టీచరు కదా, గళ్లు కొట్టివ్వండి, నేను రాస్తాను" అన్నాడు. స్కేలు పెట్టి నాలుగు గళ్లు కొట్టాను. పాలు పట్టిన టైము, ఉచ్చ, దొడ్డి, బరువు. ఇది రాయడానికి కూర్చుంటూ ఆ పుస్తకమే పక్కన పెట్టుకున్నాను. కొత్తగా అమ్మానాన్నలైన వాళ్లకూ, వాళ్లకు సాయం వెళ్లబోయే అమ్మమ్మలకూ నాన్నమ్మలకూ అందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

నేను ఇద్దరిని పెంచాను. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లల మధ్యే గడిపాను. అయినా ఆ నలభై రోజుల్లో కొత్తగా నేర్చుకున్నవీ ఉన్నాయి, తెలిసి మానుకున్నవీ ఉన్నాయి.

పాలు చాలుతున్నాయా?

చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే మొదటి మాట "పాలు పడ్డాయా?" అని. రెండో మాట "చాలుతున్నాయా?" అని. అదే ప్రశ్న పది నోళ్లలో వినేసరికి పచ్చి బాలింతకు నిజంగానే టెన్షన్ పట్టుకుంటుంది. కాన్పయిన రాత్రి పాప ఏడుస్తుంటే పక్క మంచం వాళ్ల బంధువొకావిడ డబ్బా పాలు కలిపి తెచ్చింది. ఆవిడది మంచి మనసే. కానీ మొదటి రోజు బిడ్డ పొట్టకు విడతకు ఒక చెంచాడు పాలు సరిపోతాయి. ఆ చెంచాడు ముర్రుపాలు తల్లి దగ్గర ఉంటాయి. చిక్కగా, పచ్చగా, బొట్లు బొట్లుగా వస్తాయి కాబట్టి ఏమీ రావడం లేదనిపిస్తుంది. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. ఆపరేషన్ అయిన తల్లి కూడా నర్సు సాయంతో పక్కకు తిరిగి పడుకుని పట్టించవచ్చు. తెల్లటి పాలు బాగా పడేది మూడో రోజో నాలుగో రోజో. ఆపరేషన్ అయితే కాస్త ఆలస్యం కావచ్చు.

లోపలికి ఎన్ని పాలు వెళ్లాయో కొలవలేం. బయటికొచ్చేది మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. మొదటి రోజు ఒక్కసారి ఉచ్చ పోసినా చాలు, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. ఐదో రోజు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఆరు గుడ్డలకు తక్కువ కాకుండా తడవాలి. దొడ్డి మొదట నల్లగా తారులా వస్తుంది, తర్వాత ఆకుపచ్చగా, ఆపైన పచ్చగా పలచగా మారుతుంది. మా పుస్తకంలో ఐదో రోజు పేజీ ఇలా ఉంది: పాలు 11, ఉచ్చ 7, దొడ్డి 4. ఆ చివరి గడిలో అల్లుడు "ఆవపిండి రంగు" అని కూడా రాశాడు. ఆ పేజీ చూశాక మా ఇంట్లో ఎవరూ మళ్లీ "చాలుతున్నాయా" అనలేదు. అందుకే పగలు డైపరు వేయలేదు, పాత నూలు చీరలు చింపి గుడ్డలు చేశాం. గుడ్డయితే తడిసిందో లేదో వెంటనే తెలుస్తుంది. నాలుగు రోజులు దాటాక కూడా గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనిపిస్తున్నా, గుడ్డల లెక్క ఆరుకు చేరకపోయినా డాక్టరుకు చూపించండి.

బరువు మొదటి రోజుల్లో తగ్గుతుంది. పుట్టిన బరువులో పదో వంతుకు మించి తగ్గకూడదు. ఇంటికొచ్చేటప్పుడు మా పాప 2 కిలోల 650. పన్నెండో రోజుకు 2 కిలోల 810. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావాలి, అక్కడి నుంచి రోజుకు ఇరవై ముప్పై గ్రాములు పెరగాలి. రోజూ తూచి కంగారు పడకండి, వారానికొకసారి చాలు.

మూడో రోజు మా అమ్మాయి పాలిస్తూ పళ్లు బిగబట్టి ఏడ్చింది. చనుమొనలు చిట్లాయి. అదృష్టం కొద్దీ అదే రోజు ఆశా కార్యకర్త వచ్చింది. ఆస్పత్రిలో కాన్పయితే వాళ్లు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. మీ ఇంటికి రాకపోతే ఫోన్ చేసి పిలవండి. ఆ అమ్మాయి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మంచం మీద మా అమ్మాయి పక్కనే కూర్చుని, వీపు వెనక ఒక దిండు, ఒళ్లో ఒక దిండు పెట్టింది. "అక్కా, నువ్వు పాప మీదికి వంగొద్దు, పాపను నీ దగ్గరికి తెచ్చుకో" అంది. పాప పొట్ట తల్లి పొట్టకు ఆనేలా పూర్తిగా ఇటు తిప్పింది. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేలా పట్టుకుని, చనుమొనతో పై పెదవి మీద మెల్లగా రాసింది. పాప ఆవలించినట్టు నోరు బాగా తెరిచే దాకా ఆగి, అప్పుడు దగ్గరికి అదిమింది. ఒక్క మొన నోట్లోకి పోతే చాలదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచినట్టుండాలి. అప్పుడు బుగ్గలు నిండుగా కనిపిస్తాయి, గుటక చప్పుడు వినిపిస్తుంది. మొదటి క్షణాల తర్వాత కూడా నొప్పి ఉంటే లాగేయకండి. చిటికెన వేలు పాప నోటి మూల నుంచి లోపలికి పెడితే పట్టు వదులుతుంది, మళ్లీ పట్టించండి. మా అమ్మాయికి ఐదో ప్రయత్నంలో కుదిరింది. రెండు రోజుల్లో పుండ్లు మానాయి.

రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి. ఏడ్చే దాకా ఆగకండి. పెదవులు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, ఇవే ఆకలి గుర్తులు. మొదటి రెండు వారాలు మూడు గంటలకు మించి నిద్రపోతే పొత్తిళ్లు వదులు చేసి, అరికాలు రుద్ది లేపి పట్టండి. పాలు పడ్డప్పుడు రొమ్ములు రాళ్లలా గట్టిపడితే ముందు గోరువెచ్చటి గుడ్డ వేసి, చేత్తో కాస్త పిండి మెత్తబడ్డాక పట్టండి, తర్వాత చల్లటి గుడ్డ వేయండి. ఒకచోట ఎర్రబడి జ్వరం కూడా వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు.

పిండిన పాలు పట్టాల్సి వస్తే సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. మూలలు, సందులు ఉండవు కాబట్టి కడిగి మరగబెట్టడం సులువు. బిడ్డను నిలువుగా ఒళ్లో కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె ముక్కును పెదవి పక్కన ఆనించి కొద్దికొద్దిగా వంచాలి, మింగాకే మళ్లీ వంచాలి. మన ఎండల్లో పిండిన పాలు బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు. వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టి వెచ్చబెట్టాలి, పొయ్యి మీద పెట్టకూడదు. ఏ కారణం చేతనైనా డాక్టరు పోత పాలు పట్టమంటే పట్టండి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం నీళ్లు పోయండి, పొదుపు కోసం పలచన చేయొద్దు. ఆ తల్లిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకండి.

ఎండాకాలం, ఒక్క చుక్క నీళ్లు

1992 మే నెలలో ఈ అమ్మాయే పుట్టినప్పుడు, ఎండకు గొంతు ఆరిపోతుందని మా అత్తగారు కాచి చల్లార్చిన పంచదార నీళ్లు దూదితో పట్టేవారు. నేనూ పట్టాను. ఇరవయ్యో రోజున నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మాడు లోపలికి దిగిపోయింది, కళ్లు పీక్కుపోయాయి. మూడు రోజులు ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. ఆ చిన్న చేతికి సూది దొరక్క నాలుగు చోట్ల గుచ్చారు. అది నేను మర్చిపోలేదు. అందుకే ఈసారి మా వియ్యపురాలు "కాస్త నీళ్లు పడదామా వదినా, నాలుక ఆరిపోతోంది" అన్నప్పుడు ఈ కథంతా చెప్పాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తల్లిపాలలో నూటికి ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది వంతులు నీళ్లే. ఆరు నెలలు నిండే దాకా ఎంత ఎండలోనైనా వేరే నీళ్లు అక్కర్లేదు. దాహమైతే రొమ్ముకు ఇంకో రెండు సార్లు పట్టండి. నీళ్లు తాగాల్సింది తల్లి. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని కట్టడి చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి అది మానండి. పాలిచ్చే ప్రతిసారీ మా అమ్మాయి చేతికి ఒక గ్లాసు మంచినీళ్లో, మజ్జిగో ఇచ్చేదాన్ని.

ఫ్యాను, ఏసీ పెట్టొచ్చు. గాలి నేరుగా బిడ్డ మీదికి కొట్టకుండా, ఏసీ 26, 27 దగ్గర ఉంచాం. ఒక పలచటి నూలు చొక్కా చాలు. టోపీ, మేజోళ్లు, ఉన్ని దుప్పటి అన్నీ కలిపి చుట్టేస్తే ఒళ్లు కాలిపోతుంది, జ్వరమని భయపడతాం. చేతులూ కాళ్లూ చల్లగా ఉండడం మామూలే. రొమ్ము మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట ఉంటే ఒక పొర తీసేయండి, చల్లగా ఉంటే ఒక పొర కప్పండి.

నూనె, నీళ్లు

బొడ్డు రాలే దాకా తడి గుడ్డతో ఒళ్లు తుడిచాం, అంతే. మా పాపకు తొమ్మిదో రోజున రాలింది. కొందరికి రెండు వారాలు దాటుతుంది. దాని మీద పసుపు, బూడిద, నూనె, పౌడరు ఏమీ వేయకూడదు. ఆరనివ్వాలి, లంగోటీ బొడ్డుకు కిందికి మడవాలి.

తర్వాత మా వీధిలో పిల్లలకు నీళ్లు పోసే పెద్దావిడను పిలిచాం. ఎంత నేర్పరి చేతులో! పీట మీద కాళ్లు బారజాపి కూర్చుని, పాపను కాళ్ల మీద వేసుకుని, కొబ్బరినూనె అరచేతిలో రుద్ది వేడి చేసి తొడల నుంచి పాదాల దాకా సాగదీస్తుంటే పాప కళ్లు మూతలు పడేవి. అయితే మొదటి రోజే ఆవిడ రెండు వేళ్లతో పాప రొమ్ములు నొక్కి పాలు పిండబోయింది. పుట్టిన పిల్లలకు, ఆడైనా మగైనా, తల్లి హార్మోన్ల వల్ల రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటాయి, వాటంతటవే తగ్గుతాయి. పిండితే చీము పడుతుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "పిన్నీ, అవి వద్దు, కాళ్లకు ఇంకాస్త రుద్దు" అన్నాను. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం కూడా అలాగే ఆపాం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. ముక్కు నొక్కి సూటిగా చేయడం, తల గుండ్రంగా రావాలని అదమడం కూడా వద్దు. పెద్దవాళ్లకు "మీకు తెలియదు" అనే బదులు ఫలానా చోట ఇంకాస్త చేయమని అడిగితే ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆవిడ నెలంతా ఆనందంగా వచ్చింది.

నీళ్లు మోచేత్తో చూడండి, గోరువెచ్చగా ఉండాలి. నూనె ఒంటి బిడ్డ చేపలా జారుతుంది కాబట్టి తువ్వాలు, బట్టలు, చెంబు అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. ఐదు నిమిషాల్లో ముగించండి. నలుగు పిండి ఆ లేత చర్మానికి గరుకు, వద్దు. తుడిచేటప్పుడు మెడ మడత మర్చిపోకండి. కారిన పాలు అక్కడ చేరి, పులిసి, ఎర్రగా ఒరుసుకుపోతుంది. గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా ఎత్తి, మెత్తటి పొడి గుడ్డతో అద్దాలి. చంకలు, గజ్జలు కూడా అంతే. పౌడరు చల్లితే అది ఊపిరిలోకి పోతుంది. సాంబ్రాణి పొగ మాకు అలవాటే, కానీ పాపకు పట్టలేదు. పూజకు వేసిన రోజు పాపను వేరే గదిలో ఉంచాం. కంట్లో కాటుక పెట్టలేదు, కొన్నిటిలో సీసం ఉంటుంది. దిష్టికి అరికాల్లో చిన్న చుక్క పెట్టి తృప్తి పడ్డాను.

ఐదో రోజు పాప ముఖం పచ్చబడింది. నుదుటి మీద వేలితో నొక్కి తీస్తే చర్మం పసుపుగా కనిపించింది. పచ్చకామెర్లు చాలామంది పిల్లలకు రెండో మూడో రోజున మొదలై రెండు వారాల్లో పోతాయి. ఎండలో పెట్టమని వీధి వీధంతా చెప్పారు. రోహిణి కార్తె ఎండలోనా! డాక్టరు రక్తపరీక్ష చేసి, ఫర్వాలేదు, పాలు ఎక్కువ సార్లు పట్టండి అన్నారు. ఎక్కువగా ఉంటే ఆస్పత్రిలో నీలి లైటు కింద పెడతారు, ఇంటి ముందు ఎండ దానికి బదులు కాదు. మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు దిగినా, దొడ్డి సుద్దలా తెల్లగా వచ్చినా ఆ క్షణమే బయల్దేరండి.

నిద్ర సంగతి ఒక్క మాట. ఎప్పుడూ వెల్లకిలా, గట్టి పరుపు మీద, తల్లి మంచం పక్కనే. దిండు, ఆవాల దిండు, బొమ్మలు ఏవీ వద్దు. చీర ఉయ్యాలలో గడ్డం రొమ్ముకు ఆనుకుపోతుంది, ఊపిరి ఇబ్బంది. కాబట్టి జోల పాడి నిద్రపుచ్చాక తీసి పరుపు మీద వేయండి. దోమలకు కాయిల్ బదులు దోమతెర కట్టండి.

నాన్న పని

పాలివ్వడం తప్ప మిగతా అన్నీ తండ్రి చేయగలడు. మా అల్లుడు చేశాడు. రాత్రి రెండింటికి పాపను తల్లి దగ్గరికి చేర్చడం, తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చే దాకా వీపు నిమరడం, గుడ్డ మార్చడం, గడిలో రాయడం. తేన్పుతో పాటు చెంచాడు పాలు కక్కితే భయం లేదు. వెక్కిళ్లూ మామూలే. ఆకుపచ్చగా కక్కితే మాత్రం వెంటనే ఆస్పత్రి.

నెల దాటాక సాయంత్రం ఆరు కొట్టేసరికి పాప గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఇది ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడో నెల దాటేసరికి తగ్గుతుంది. ఆకలి, తడి గుడ్డ, ఉక్క, వేలికి చుట్టుకున్న దారమో వెంట్రుకో, ఇవి వరసగా చూసుకోవాలి. అల్లుడు చొక్కా విప్పి పాపను రొమ్ము మీద పడుకోబెట్టుకుని చీకటి వరండాలో నడిచేవాడు. చాలా సార్లు దానికే ఊరుకునేది. గ్రైప్ వాటర్, వస కొమ్ము, తేనె మేం ముట్టించలేదు. తేనె వల్ల ఏడాదిలోపు పిల్లలకు బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఓపిక నశిస్తే పాపను పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు అవతలి గదిలోకి వెళ్లండి. ఎంత విసుగొచ్చినా బిడ్డను పట్టి కుదపకండి, లేత మెదడు చితికిపోతుంది.

చుక్కలు, టీకాలు

విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు, ఏడాది దాకా. మందుల షాపులో ఒక సీసాలో మిల్లీలీటరుకు 400 ఉంటుంది, ఇంకో దానిలో 800. సీసా మారినప్పుడల్లా డ్రాపరు మీద ఎంత వరకు పీల్చాలో చూసుకోండి. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమే. ఎడమ భుజం మీద బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు పొక్కు లేచి, పుండై, దానంతటదే మానుతుంది. దానికి మందేమీ రాయొద్దు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి, కార్డు జాగ్రత్తగా దాచుకోండి.

ఎప్పుడు ఆగకూడదు

పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి పీలుస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు చల్లబడినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము వచ్చినా, 108కి ఫోన్ చేయండి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉంటే అది పెద్ద విషయమే, ఇంట్లో ఉన్న జ్వరం సిరప్ పోసి తెల్లారే దాకా చూద్దామనుకోకండి. దారిలో పాలు పడుతూ, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి తీసుకెళ్లండి.

ఇక బాలింత. పథ్యం పేరుతో కారప్పొడి మెతుకులతో సరిపెట్టకండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, పండు అన్నీ పెట్టండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక ఆరు నెలలు మింగాలి. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోయినా, జ్వరం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా ఆస్పత్రికి వెళ్లాలి. మొదటి వారంలో మా అమ్మాయి కారణం లేకుండా ఏడ్చేది. పక్కన కూర్చుని తల దువ్వేదాన్ని. పది రోజులకు తేలికపడింది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, అది మందుతో, మాటతో నయమయ్యే జబ్బు. డాక్టరుకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

మా పుస్తకంలో చివరి పేజీ నలభై రెండో రోజుది. బరువు 3 కిలోల 750 గ్రాములు. దాని కింద అల్లుడి చేతిరాత: "ఈ రోజు నన్ను చూసి నవ్వింది."